ఉన్ని లేని గొర్రెల నేల మీద సీమకుక్క

దొనకొండలో ఎండాకాలం పొద్దు అయిదింటికే మొదలవుతుంది. నీళ్ళు పట్టుకోవడం, పాలు పోయించుకోవడం, నడకకు పోయి రావడం అన్నీ ఏడు లోపలే అయిపోవాలి. ఆ తర్వాత రోడ్డు మీద కాలు మోపలేం. ఆ వేళకే మా వీధి పెద్దమ్మ గొలుసు పట్టుకుని గేటు తీస్తుంది. గొలుసు చివర తేనె రంగు బొచ్చు, కుచ్చులా ఊగే తోక, మనిషి కనబడితే చాలు నవ్వుతున్నట్టుండే మూతి. అది గోల్డెన్ రిట్రీవర్. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు కరోనా రోజుల్లో కొన్నాడు. ఆఫీసులు తెరిచాక ఇంట్లో చూసేవాళ్ళు లేక అమ్మ దగ్గర వదిలి వెళ్ళాడు.

ఒకరోజు పాత రైల్వే క్వార్టర్ల దగ్గర వాళ్ళకు గొర్రెల మంద ఎదురైంది. మంద వెనక ఎర్రమట్టి రంగు కుక్క ఒకటి, ఒంటికి అతుక్కున్న పొట్టి వెంట్రుకలతో, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉంది. రెండు కుక్కలూ ఆగి ఒకదాన్నొకటి వాసన చూసుకున్నాయి. మంద కాసే పెద్దాయన కర్ర మీద గడ్డం ఆనించి అడిగాడు.

"ఇది మందను కాసిద్దా అమ్మా?"

"కాయదు నాయనా. బాతుల్ని పట్టుకొచ్చే జాతంట. మావాడు చెప్పాడు."

"మరి ఇక్కడ బాతులేయమ్మా?"

పెద్దమ్మ దగ్గర జవాబు లేదు. పక్కనే నిలబడ్డ నా దగ్గరా లేదు. కానీ కుక్కను చూసి మొట్టమొదట అడగవలసిన ప్రశ్న అదేనని ఆ తర్వాత అర్థమైంది. ఏ కుక్కయినా ఏదో ఒక పని కోసం, ఏదో ఒక నేల మీద తయారైంది. ఆ పని, ఆ నేల తెలియకుండా దాన్ని ఇంటికి తెచ్చుకుంటే దానికీ కష్టం, మనకూ కష్టం. పెద్దాయన ప్రశ్న పట్టుకుని ఒకసారి వెనక్కి తిరిగి చూద్దాం.

రాళ్ళ గుట్టల్లో పుట్టినవి

స్కాట్లాండు చిన్న దేశం. విస్తీర్ణంలో ఆంధ్రప్రదేశ్‌లో సగం కూడా ఉండదు. కానీ అక్కడ రూపుదిద్దుకున్న కుక్క జాతులు పదికి పైనే. కోలీ, బియర్డెడ్ కోలీ, షెట్లాండ్ షీప్‌డాగ్, స్కాటిష్ టెరియర్, స్కై టెరియర్, కెయిర్న్ టెరియర్, వెస్ట్ హైలాండ్ వైట్ టెరియర్, డాండీ డిన్‌మాంట్, డీర్‌హౌండ్, గోర్డన్ సెట్టర్, గోల్డెన్ రిట్రీవర్. ఇంగ్లండు సరిహద్దు కొండల్లో రెండు దేశాల గొర్రెల కాపరులూ కలిసి తీర్చిదిద్దిన బోర్డర్ కోలీ ఇంకొకటి.

అంత చిన్న చోట ఇన్ని జాతులు ఎందుకు పుట్టాయంటే, ఆ నేల అడిగిన పనులు అన్ని రకాలు. కొండల్లో గొర్రెపిల్లల్ని నక్కలు ఎత్తుకుపోయేవి. వెంటపడితే రాళ్ళ కుప్పల్లో దూరేవి. మార్కాపురం చుట్టూ పలక గనుల దగ్గర తవ్వి పోసిన రాళ్ళ దిబ్బలు చూసినవాళ్ళకు ఆ దృశ్యం వెంటనే కళ్ళకు కడుతుంది. స్కాట్లాండులోనూ పలక గనులున్నాయి. పడమటి తీరాన బల్లాహులిష్‌లో 1690ల నుంచి 1955 దాకా పలక తీశారు. అలాంటి దిబ్బల సందుల్లో దూరి, చీకట్లో నక్కను ఎదిరించి బయటికి తరమాలంటే పొట్టి కాళ్ళు, గరుకు వెంట్రుక, గట్టి దవడ, వెనకడుగు వేయని మొండితనం కావాలి. ఇరుక్కుపోతే పట్టి లాగడానికి బలమైన తోక కావాలి. ఆ కొలతలకు తగ్గట్టు వచ్చినవే అక్కడి టెరియర్లు. కెయిర్న్ అనే మాటకు అర్థమే రాళ్ళ కుప్ప.

మొదట్లో వీటికి వేరువేరు పేర్లు లేవు. ఒకే కాన్పులో తెల్లవి, నల్లవి, గోధుమ రంగువి పుట్టేవి. 19వ శతాబ్దం రెండో సగం నుంచి 20వ శతాబ్దం తొలి ఏళ్ళ దాకా స్కై, స్కాటిష్, కెయిర్న్, వెస్ట్ హైలాండ్ అని విడదీశారు. పోల్టలాక్ ఎస్టేటు యజమాని కల్నల్ మాల్కమ్ వేటలో తన ఎర్ర టెరియర్‌ను నక్క అనుకుని కాల్చేశాడని, అప్పటి నుంచి దూరానికే గుర్తుపట్టేలా తెల్లవాటినే పెంచాడని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. ఇవాళ బొమ్మలా ఒళ్ళో కూర్చునే తెల్ల వెస్టీ వెనక చెప్పుకునే కథ ఇది.

దుప్పుల వేటకు పెంచిన డీర్‌హౌండ్‌ది వేరే దారి. అది తెగ నాయకుల కుక్క. 1746లో కల్లోడెన్ యుద్ధంతో ఆ తెగల వ్యవస్థ కూలింది. తుపాకులు మెరుగుపడ్డాక పరుగెత్తి దుప్పిని పట్టే కుక్కతో పని తగ్గింది. దాదాపు అంతరించే దశలో 19వ శతాబ్దం మొదటి భాగంలో మెక్‌నీల్ సోదరులు దాన్ని నిలబెట్టారు. నవలాకారుడు వాల్టర్ స్కాట్ తన వేటకుక్క మైడాను ప్రాణంగా చూసుకున్నాడు. ఎడిన్‌బరో నడిబొడ్డున ఆయన స్మారకంలో, ఆయన పాలరాతి విగ్రహం పక్కనే మైడా కూడా కూర్చుని ఉంటుంది.

గొర్రెలు వచ్చాయి, మనుషులు వెళ్ళారు

గొర్రెల నేల మీద పుట్టిన మనకు కోలీల చరిత్ర దగ్గరిది. కోలీ పని కాపలా ఒక్కటే కాదు. ఎక్కడో కొండ అవతల చెదిరిన మందను కాపరి ఈలను బట్టి కూడగట్టి తీసుకురావాలి. మొరగకుండా, కరవకుండా, ఒంగి నడుస్తూ చూపుతోనే గొర్రెను కదిలించాలి. 1893లో సరిహద్దు కొండల్లో ఆడమ్ టెల్ఫర్ అనే కాపరి ఇంట పుట్టిన హెంప్ అనే కుక్క ఈ నైపుణ్యానికి కొలబద్ద అయింది. నేటి బోర్డర్ కోలీల వంశం దాదాపు అంతా దాని దగ్గరికే చేరుతుంది.

అయితే ఆ వైభవం కింద ఒక దుఃఖం ఉంది. 18వ శతాబ్దం చివరి నుంచి హైలాండ్స్ భూస్వాములు కౌలు రైతులను ఖాళీ చేయించి పెద్దపెద్ద గొర్రెల క్షేత్రాలు పెట్టారు. 1792ను అక్కడి జనం గొర్రెల సంవత్సరమని పిలుచుకున్నారు. తరతరాలుగా ఉన్న ఊళ్ళు పాడుపడ్డాయి. జనం కెనడాకు, అమెరికాకు ఓడలెక్కారు. ఖాళీ అయిన కొండల మీదికి దక్షిణాది కాపరులు, వాళ్ళ కోలీలు వచ్చారు. తర్వాత గొర్రెలు గిట్టుబాటు కాక ఆ కొండలే దొరల వేట మైదానాలయ్యాయి. అప్పుడు తుపాకీ వెంట నడిచే కుక్కల కాలం వచ్చింది. గోర్డన్ ప్రభువు కోటలో నలుపు, ఎర్రగోధుమ రంగుల సెట్టర్లు పేరు తెచ్చుకున్నాయి. కెనడా తీరం నుంచి చేపల ఓడల్లో వచ్చిన నల్ల కుక్కలను బక్లూ ప్రభువు ఎస్టేటులో జాగ్రత్తగా పెంచి, ఇంగ్లండులోని మామ్స్‌బరీ ప్రభువు కుక్కలతో కలిపి వృద్ధి చేశారు. ఇవాళ మన పోలీసు జాగిలాల్లో ఎక్కువగా కనిపించే లాబ్రడార్ వంశం నిలబడింది అలాగే.

వలస అంటే ఏమిటో పశ్చిమ ప్రకాశానికి ఎవరూ చెప్పనక్కరలేదు. వానలు మొహం చాటేసినప్పుడల్లా ఊళ్ళకు ఊళ్ళు బెంగళూరు, హైదరాబాదు బస్సులెక్కిన నేల ఇది. మనుషులు వెళ్ళిపోయిన ఇళ్ళ ముందు కుక్కలు మిగిలిపోవడం రెండు దేశాల్లోనూ జరిగింది.

పొలం నుంచి నట్టింటికి

పని కుక్క ఇంటి కుక్కగా మారడం 19వ శతాబ్దపు కథ. విక్టోరియా రాణి కుటుంబం 1852లో బాల్మోరల్ ఎస్టేటును కొన్నాక అక్కడి కోలీలు ఆమె మనసు దోచుకున్నాయి. రాణి ముచ్చటపడిన కుక్క నగరాల్లోని ధనికుల ఇళ్ళకు చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1873లో లండన్‌లో కెన్నెల్ క్లబ్ మొదలైంది. వంశావళులు, పోటీలు, కొలతలు వచ్చాయి. ఏ కుక్క ఏ పని చేస్తుందన్నది వెనకపడి, ఎలా కనిపిస్తుందన్నది ముందుకొచ్చింది.

అదే కాలంలో ఎడిన్‌బరోలో ఒక చిన్న స్కై టెరియర్ కథ ఊరంతా పాకింది. జాన్ గ్రే అనే రాత్రి కాపలాదారు 1858లో చనిపోయాడు. అతని కుక్క బాబీ గ్రేఫ్రయర్స్ శ్మశానంలోని సమాధి దగ్గరే 14 ఏళ్ళు గడిపి 1872లో కన్నుమూసిందంటారు. 1867లో లైసెన్సు లేని కుక్కలను చంపాలన్న నిబంధన వచ్చినప్పుడు నగర పెద్ద విలియం ఛాంబర్స్ స్వయంగా దాని రుసుము కట్టి మెడకు పట్టీ వేయించాడు. బాబీ చనిపోయిన మరుసటి ఏడాది నిలబెట్టిన దాని విగ్రహం ఇప్పటికీ ఉంది. కథలో కొంత పెంచి చెప్పినది ఉందని ఈ కాలపు పరిశోధకులు వాదిస్తున్నా, ఒక ఊరు ఒక కుక్కను తనదిగా చెప్పుకున్న మాట వాస్తవం.

మనవాళ్ళు ఆ పని అంతకు 900 ఏళ్ళ ముందే చేశారు. కర్ణాటకలో మండ్య దగ్గర ఆతకూరులో 949 నాటి శిలాశాసనం ఒకటి దొరికింది. గంగరాజు బూతుగుడు తన వీరుడు మణలేరుడికి కాళి అనే వేటకుక్కను ఇచ్చాడు. అది అడవిపందితో తలపడి, దాన్ని చంపి తానూ చచ్చింది. దాని పేరిట రాయి నాటి, భూమి ఇచ్చి, పూజ జరిగే ఏర్పాటు చేశారు. కుక్కకు రాయి నిలబెట్టిన సంప్రదాయం మన పక్కింటిదే.

20వ శతాబ్దంలో సినిమా, రాజకీయం ఈ కుక్కలను ప్రపంచమంతా తిప్పాయి. 1939లో ఓజ్ మాంత్రికుడి చిత్రంలో టోటోగా కెయిర్న్ టెరియర్, 1943లో లాసీగా కోలీ తెరకెక్కాయి. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పక్కన ఫాలా అనే స్కాటిష్ టెరియర్ ఎప్పుడూ ఉండేది. వాషింగ్టన్‌లోని ఆయన స్మారకంలో దానికీ చోటిచ్చారు.

ఒక్క మనిషి పట్టుదల వల్ల నిలిచిన జాతి కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి బియర్డెడ్ కోలీ కాగితాల మీద దాదాపు మాయమైంది. 1944లో ఇంగ్లండులో విల్లిసన్ అనే మహిళ వేరే జాతి కోసం అడిగితే ఒక గోధుమ రంగు పిల్ల వచ్చింది. పెరిగాక దాని నడక, తెలివి చూసి అది బియర్డెడ్ కోలీ అని గుర్తించింది. తోడు కోసం వెతికి వెతికి బ్రైటన్ సముద్రపు ఒడ్డున ఒక మగ కుక్కను పట్టుకుంది. నేటి బియర్డెడ్ కోలీలకు ఆ జంటే మూలం.

పసుపు పిల్లలు నాలుగు

ఇక మన పెద్దమ్మ కుక్క పుట్టుపూర్వోత్తరాలు. డడ్లీ మార్జరీబ్యాంక్స్ అనే ధనికుడు ఇన్వర్‌నెస్ ప్రాంతంలో గిసాచన్ అనే ఎస్టేటు కొన్నాడు. తర్వాత ట్వీడ్‌మౌత్ ప్రభువు అయ్యాడు. 1865లో బ్రైటన్‌లో ఒక పసుపు కుక్క ఆయన కంట పడింది. నల్ల రిట్రీవర్ల కాన్పులో ఒంటరిగా పుట్టిన పసుపు పిల్ల అది. నౌస్ అని పేరు పెట్టి కొండలకు తెచ్చాడు. ట్వీడ్ నది ఒడ్డున నీటి వేటకు పేరుపడ్డ స్పానియల్ జాతి ఆడకుక్క బెల్‌తో కలిపాడు. 1868లో నాలుగు పసుపు పిల్లలు పుట్టాయి. గోల్డెన్ రిట్రీవర్ వంశానికి అవే మొదలు.

ఆయనకు కావలసింది అందం ఒక్కటే కాదు. చలి కొలనుల్లో దిగాలి. కాల్చిన పక్షిని ఈక నలగకుండా నోట కరుచుకుని తేవాలి. తుపాకీ చప్పుడుకు బెదరకూడదు. చెప్పిన మాట వినాలి. ఈ నాలుగు గుణాల కోసం ఇరవై ఏళ్ళకు పైగా ఏ కుక్కను దేనితో కలిపాడో తన చేత్తో పుస్తకంలో రాసుకున్నాడు. ఆ పుస్తకం వివరాలు 1952లో బయటికి వచ్చేదాకా ఈ జాతి రష్యా సర్కస్ కుక్కల నుంచి వచ్చిందనే కథే చెలామణిలో ఉండేది. రాసిపెట్టిన లెక్క ఒక కట్టుకథను అలా చెరిపేసింది.

ఇప్పుడు గిసాచన్ భవనం మొండి గోడలు. అయినా 2018లో 150 ఏళ్ళ పండుగకు 361 గోల్డెన్లు, 2023లో 488 గోల్డెన్లు ఆ గోడల ముందు యజమానులతో చేరాయి.

పక్షిని నలపకుండా తెచ్చే మెత్తని నోరే తర్వాత పసిపిల్లల చేతిని నొప్పించని నోరయింది. వేటగాడి సైగ కోసం గంటలు కాచుకున్న ఓపికే ఇంటి మనిషి మొహం చదివే ప్రేమ అయింది. పిల్లలున్న ఇంటికి గోల్డెన్ నప్పుతుందంటే కారణం ఇదే. అదే లెక్కన బోర్డర్ కోలీని పని లేకుండా వరండాలో కట్టేస్తే పిల్లల మడమల వెంట పడి మందలా తోలుతుంది. టెరియర్‌ను పెరట్లో వదిలితే మొక్కల మొదళ్ళు తవ్వుతుంది, కోళ్ళను తరుముతుంది. అది దాని తప్పు అనలేం. దాని రక్తంలో నక్క బొరియ ఇంకా ఉంది.

ఇక్కడికి వచ్చిన స్కాట్లు

స్కాట్లాండుకు, ఈ నేలకు పరిచయం పాతదే. స్టోర్నవే పట్టణంలో పుట్టిన కాలిన్ మెకంజీ కావలి సోదరుల సాయంతో ఊరూరి కైఫీయతులు సేకరించాడు. మన గ్రామాల పుట్టుక, చెరువుల చరిత్ర, గుడి మాన్యాల లెక్క మనకు దక్కింది ఆ శ్రమ వల్లే. గ్లాస్గోలో పుట్టిన థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు కలెక్టరు. అప్పటి కడప జిల్లాలో ఉన్న కంభం వైపు కూడా ఆయన ఏలుబడిలోదే. జనం మన్రోలప్ప అని పిల్లలకు పేర్లు పెట్టుకునేంతగా కలిసిపోయాడు. మద్రాసు గవర్నరుగా ఉండి, పర్యటనలో కలరా సోకి 1827 జూలై 6న పత్తికొండలో కన్నుమూశాడు.

ఆ తర్వాత రైలు వచ్చింది. సదరన్ మరాఠా రైల్వే నల్లమలను తొలిచి బొగద వేసి, దొరబావి లోయ మీద వంతెన కట్టి, గుంతకల్లు నుంచి గుంటూరు వైపు మీటర్ గేజ్ పట్టాలు పరిచింది. 1908లో అది మద్రాసు రైల్వేతో కలిసి ఎం.ఎస్.ఎం. అయింది. దొనకొండకు లోకోషెడ్డు, క్వార్టర్లు, బొగ్గు పొగ వచ్చాయి. మీటర్ గేజ్ మీద దేశమంతటా తిరిగిన వై.పి., వై.జి. ఆవిరి ఇంజన్లలో కొన్నింటిని గ్లాస్గోలోని నార్త్ బ్రిటిష్ లోకోమోటివ్ కంపెనీయే తయారుచేసింది. 1990ల్లో బ్రాడ్ గేజ్ వచ్చాక ఆవిరితో పాటు ఆ సందడీ పోయింది. క్వార్టర్లు, వేపచెట్లు, రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమానాల బయలు మిగిలాయి.

దొరలతో వచ్చిన కుక్కను మనవాళ్ళు సీమకుక్క అన్నారు. సీమచింత, సీమపందిలాగా. దొరలు వెళ్ళిపోయాక కూడా పల్లెల్లో ఏ కుక్కను పిలిచినా టామీ, జిమ్మీ అని పిలవడం మిగిలింది. సీమ రక్తం చుక్క లేని కుక్క కూడా సీమ పేరుతోనే తోక ఊపింది.

మన జాగిలాల మాట

మన్రో కన్నుమూసిన పత్తికొండ మండలంలోనే పందికోన ఉంది. ఆ ఊరి కుక్కలు వేటకు, కాపలాకు రాయలసీమ అంతటా పేరు మోసినవి. కొల్లేరు, గోదావరి వైపు జోనంగి ఉంది. ముడతల నుదురు, నిగనిగలాడే పొట్టి వెంట్రుక, మొరుగుడు బదులు రాగం తీసినట్టుండే కూత. ఎండకు గుంట తవ్వుకుని అందులో చల్లగా పడుకుంటుంది. బాతులు పెంచే రైతుల దగ్గర బాతుల మందలను తోలింది. బాతులు మేసిన చోట చేపల చెరువులు వచ్చాక దాని పని పోయింది, సంఖ్యా తగ్గింది. పెద్దాయన అడిగిన బాతులు, బాతుల కుక్క రెండూ తెలుగు నేల మీదే ఉన్నాయి. మనం వాటిని చూడలేదు.

మన ప్రాంతపు మంద కుక్కకు అలాంటి పేరు కూడా లేదు. రైతు పొలంలో ఎరువు కోసం మంద కట్టిన రాత్రి, కాపరి కంబళి కప్పుకుని కునుకు తీస్తుంటే అది మంద చుట్టూ తిరుగుతుంది. నక్క వాసన తగిలితే ముందు గుర్రుమంటుంది. చిరుత అయితే గొంతు మారుతుంది. ఆ తేడా కాపరి నిద్రలోనే పసిగడతాడు. నల్లమల అంచున మేతకు తోలినప్పుడు చిరుతకు మొదట బలయ్యేదీ అదే. కాపరి తిన్న సంగటిలోనే దానికీ ఒక ముద్ద.

ఇక్కడొక విషయం గమనించాలి. మన నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు. పొట్టి వెంట్రుకలు, పొడుగు కాళ్ళు. ఎండను తట్టుకుని మైళ్ళు నడిచి ముళ్ళ కంప కూడా మేస్తుంది. మన మంద కుక్కకూ బొచ్చు ఉండదు. అదీ పొడుగు కాళ్ళదే. స్కాట్లాండు గొర్రెకు దట్టమైన ఉన్ని, అక్కడి కుక్కకు రెండు పొరల బొచ్చు. గొర్రెనూ కుక్కనూ ఒకే నేల, ఒకే గాలి దిద్దాయి. ఉన్ని గొర్రెను తెచ్చి పొదిలి బీళ్ళలో వదలాలని ఏ కాపరీ అనుకోడు. కుక్క విషయంలో ఆ ఆలోచన మనకు రాకపోయింది.

2020 ప్రాంతంలో కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ కుక్కలను దేశీ జాతులుగా నమోదు చేసింది. రెండు తమిళనాడువి, ఒకటి కర్ణాటకది. మన పందికోన, మన జోనంగి కూడా ఆ వరసలో నిలబడాలి. అందుకు ట్వీడ్‌మౌత్ పుస్తకం లాంటి పుస్తకం ఎవరో ఒకరు రాయాలి. విల్లిసన్ లాంటి పట్టుదల ఎవరికో ఒకరికి ఉండాలి.

ఇంటికి వచ్చేసిన కుక్క సంగతి

అలాగని ఇప్పటికే ఇంట్లో ఉన్న గోల్డెన్‌ను తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. అది కోరి రాలేదు. 2003లో హచ్ ప్రకటన చూసి పగ్ పిల్లలు కొన్నాం. 2022లో 777 చార్లీ సినిమా చూసి లాబ్రడార్ మీద మనసు పడ్డాం. కొన్నాక పదేళ్ళకు పైగా దాని బతుకు మన చేతిలో ఉంటుంది.

మధ్యాహ్నం పెద్దమ్మ ఇంటికి వెళితే అది కనిపించేది స్నానాలగది గచ్చు మీదే. నాలుగు కాళ్ళూ చాపి, పొట్ట చల్లని నేలకు ఆనించి, నాలుక బారెడు చాపి రొప్పుతూ ఉంటుంది. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. రొప్పడమే దానికి చెమట. గిసాచన్ కొండల్లో మంచి ఎండాకాలం అంటే 20 డిగ్రీలకు అటూ ఇటూ. ఇక్కడ 40 దాటుతుంది. కొందరు జాలిపడి బొచ్చు గొరిగిస్తారు. అది మేలు కాదు. లోపలి పొర, పై పొర కలిసి ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాస్తాయి. రోజూ దువ్వి, రాలిన లోపలి వెంట్రుక తీసేస్తే చాలు. నడక తెల్లవారుజామునే. అరచేతిని రోడ్డు మీద కాసేపు ఆనించి ఉంచలేకపోతే దాని పాదం కూడా ఆనలేదని అర్థం. ఆగకుండా రొప్పి, చొంగ కార్చి, చిగుళ్ళు ఎర్రబడి, తూలితే వడదెబ్బే. మామూలు నీళ్ళు ఒంటి మీద పోసి, ఫ్యాను వేసి, వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకుపోవాలి.

రెండోది గోమార్లు. దట్టమైన బొచ్చులో అవి దాక్కుంటాయి. వాటి వల్ల వచ్చే ఎర్లీకియా జ్వరంలో మనుషులకు డెంగీలో లాగే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ముక్కు నుంచి రక్తం కారవచ్చు. అన్నం మానేస్తే ఎండకేలే అనుకోకూడదు.

మూడోది గొర్రెల ఊళ్ళవాళ్ళు ముఖ్యంగా తెలుసుకోవలసింది. గొర్రెలకు వేసే ఐవర్‌మెక్టిన్ సూదిమందు మన దగ్గర ప్రతి మందల కాపరికీ తెలుసు. గోమార్లకు, గజ్జికి కుక్కలకూ వేస్తుంటారు. కానీ కోలీలు, షెట్లాండ్ షీప్‌డాగుల్లో చాలావాటికి జన్యులోపం ఒకటుంది. మందును మెదడులోకి పోకుండా ఆపే గోడ వాటిలో పనిచేయదు. గోమార్లకు, గజ్జికి వేసే మోతాదులో సూది పడితే తూలి, చూపు పోయి, ప్రాణం కూడా పోవచ్చు. అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2001లో ఆ జన్యువును గుర్తించారు. కోలీ పోలిక ఉన్న కుక్కకు పశువైద్యుడిని అడగకుండా ఆ మందు వేయకండి.

ఇంకా కొనాలనుకునేవాళ్ళకు ఒక మాట. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కల పెంపకందారు నమోదు చేయించుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. తల్లిని చూపించమని అడగండి. తల్లిని చూపించనివాడి దగ్గర పిల్లను కొనకండి.

ఒకే వరసలో రెండు కుక్కలు

పెద్దాయన ప్రశ్నకు జవాబు నాకు కొన్నాళ్ళకు దొరికింది. పెద్దమ్మకు మోకాళ్ళ నొప్పి. వంగలేదు. తాళంచెవుల గుత్తి కింద పడితే ఆ కుక్క నోట కరుచుకుని, ఒక్క పంటి గాటు లేకుండా ఆమె ఒళ్ళో పెడుతుంది. సాయంత్రం కొడుకు ఫోను మోగితే దాన్నీ తెస్తుంది. అది బెల్ కడుపున పుట్టిన వంశం. కొలనులు పోయినా నోరు పోలేదు. కొడుకులు ఊళ్ళు పట్టిపోయిన ఇంట్లో పొద్దున్నే గేటు తీసి నాలుగడుగులు వేయడానికి ఆమెకు అదొక కారణం. బాతులు లేని ఊళ్ళో అది చేస్తున్న పని అదే.

జూలై 6న, పిచ్చికుక్క కాటుకు పాశ్చర్ 1885లో తొలిసారి టీకా వేసిన రోజున, పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకా వేస్తారు. పెద్దమ్మ కబురు పెడితే పెద్దాయన తన మంద కుక్కను తాడు కట్టి తీసుకొచ్చాడు. దాని జీవితంలో మెడకు తాడు పడటం, సూది పడటం అదే మొదటిసారి. రెండూ వేపచెట్టు కింద ఒకే వరసలో నిలబడ్డాయి. గోల్డెన్ కోసం తెచ్చిన గిన్నెలోనే రెండూ నీళ్ళు తాగాయి.

చీటీ రాసే కుర్రాడు జాతి అన్న గడిలో ఒకదానికి గోల్డెన్ రిట్రీవర్ అని రాశాడు. రెండోదానికి నాటు అని రాశాడు. ఆ మాటలో అతనికి చులకన ఏమీ లేదు. రాయడానికి వేరే పేరు లేదు, అంతే.

1903లో లండన్ కెన్నెల్ క్లబ్ పుస్తకంలో గోల్డెన్‌కూ సొంత గడి లేదు. ఫ్లాట్‌కోట్ రిట్రీవర్ల కిందే, బంగారు రంగుది అని రాసుకున్నారు. 1911లో గాని దానికి వేరే వరస దక్కలేదు. నాలుగు పసుపు పిల్లలు పుట్టినప్పటి నుంచి ఆ గడి నిండటానికి 43 ఏళ్ళు పట్టింది. ఆ ఏళ్ళన్నీ దాన్ని ప్రేమగా చూసినవాళ్ళు, లెక్క రాసినవాళ్ళు ఉన్నారు.

పెద్దాయన చీటీ మడిచి తలపాగాలో పెట్టుకున్నాడు. "దీని అమ్మ కూడా నా మందలోదే. దాని అమ్మ మా నాయన మందలోది" అన్నాడు. నేను జేబులోంచి పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నాను.